మూడు శుక్రవారాల పెళ్ళిచూపులు

సారమ్మ పెట్టిన టీని వద్దన్నవాడు కువైట్‌లోని ఆ ఫర్వానియాలో అంతవరకూ ఎవరూ లేరు. అందుకే సురేష్ బాబు కప్పుకి అరచెయ్యి అడ్డం పెట్టి "వద్దండి, నేను తాగనండి" అనేసరికి, అందులో ఏదైనా పడిందేమోనని ఆవిడ కప్పులోకి తొంగి చూసింది.

అతను పెళ్ళిచూపులకు వచ్చాడు. రాజమండ్రి కుర్రాడు, సబ్హాన్‌లో గిడ్డంగుల ఫ్రీజర్లు బాగుచేస్తాడు. పెళ్ళికూతురు నిస్సీ ఆసుపత్రిలో నర్సు. సారమ్మ భర్త దేవసహాయానికి మేనకోడలు. కువైట్‌లో ఆమెకు పెద్దదిక్కు ఈ మేనమామే.

"షుగరుందా బాబూ?" అంది సారమ్మ జాలిగా.

"లేదండి. మా సంఘంలో టీ, కాఫీ తాగమండి."

"మీ సంఘమంటే?" అన్నాడు దేవసహాయం.

"కడవరి దినాల పరిశుద్ధులమండి. బయట అందరూ మోర్మన్లంటారు."

దేవసహాయం సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. పగలు స్టోర్ కీపరుగా పనిచేసే ఆయన, అక్కడ సెలవురోజైన శుక్రవారం వచ్చేసరికి ఆ ఫ్లాట్ హాల్లోనే జరిగే తెలుగు ప్రార్థనకు పెద్ద. వాదించడమంటే ఆయనకు బిర్యానీ కన్నా ఇష్టం. మోర్మన్ల గురించి ఆయనకు తెలిసింది ఆ పేరొక్కటే. అయినా వద్దనడానికి అది చాలనుకున్నాడు.

పక్క గదిలో అద్దెకుండే అంకాలమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆమెది రాయచోటి. దేవుడి గదికి బదులు గోడకు చిన్న వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకుంది. ఈ ఇంట్లో జరిగే ఏ ముచ్చటనూ వదిలిపెట్టదు.

"టీ తాగని సంగమేందక్కా? మా పక్క అట్లాంటి సంగం పెడితే ఒక్కడన్నా సేరడు" అంది.

అందరితో పాటు సురేష్ బాబు కూడా నవ్వాడు. నిస్సీ ఆ నవ్వు చూసింది. ఒక్క గుక్క తాగి ఊరుకుంటే అతని సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అడగగానే దాచకుండా చెప్పేశాడు. ఆమెకు అది నచ్చింది.

అతను వెళ్ళగానే దేవసహాయం తేల్చేశాడు. "ఖలాస్. ఈ సంబంధం వద్దు."

"ఎందుకు మావయ్యా?"

"వాళ్ళది తప్పుడు బోధ."

"ఏం తప్పు?"

దేవసహాయం సోఫా దిండు సర్దాడు. "చాలా ఉన్నాయి" అన్నాడు.

"అయితే చెప్పు. నేను వింటా, ఆయన్నీ వినమంటా. అప్పటికీ కాదనిపిస్తే నేనే కాదంటా."

"మూడు శుక్రవారాలు చాలు నాకు" అని దేవసహాయం తొడగొట్టినంత పనిచేశాడు.

నిస్సీ ఫోన్ చేసి అడిగితే సురేష్ బాబు వెంటనే ఒప్పుకున్నాడు. "వస్తానండి. మా సంఘం మొదట్లో ఏం జరిగిందో నాకూ సరిగా తెలీదు" అన్నాడు.

ఆ వారమంతా దేవసహాయం చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు దిగలేదు. బస్సులో, స్టోర్‌లో, స్నానానికి వెళ్తూ కూడా మోర్మన్ల చరిత్రే వింటూ ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని "వాళ్ళ సంఘం పెట్టిన ఈ జోసెఫ్ స్మిత్ ఉన్నాడు చూశావా..." అని మొదలుపెట్టేవాడు.

"ఏవండీ, ఈ ఇంట్లో యేసయ్య పేరు కన్నా ఆ జోసెఫ్ పేరే ఎక్కువ వినపడుతోంది. ముందు ఆ చారు పోసుకోండి" అంది సారమ్మ.

మొదటి శుక్రవారం హాలు నిండిపోయింది. సురేష్ బాబు తెల్లచొక్కా వేసుకొచ్చి ముందు వరసలో చాప మీద కూర్చున్నాడు.

దేవసహాయం గొంతు సవరించుకుని కథ మొదలుపెట్టాడు. రెండు వందల ఏళ్ళ కింద న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో రైతు కొడుకు, ఈ జోసెఫ్. నేలలో దాగిన నిధులు రాయిలో చూసి చెబుతానని తిరిగేవాడు. ఒక దేవదూత బంగారు రేకులు చూపించాడన్నాడు. వాటి మీద రాతను తర్జుమా చేశానని ఒక గ్రంథం బయటపెట్టాడు.

"తర్జుమా ఎలా చేశాడో తెలుసా? చూపిస్తా ఉండండి."

కంపెనీ టోపీ తీసి, అందులో గులకరాయి వేసి, వెలుతురు పడకుండా మొహం టోపీలో దూర్చేశాడు. లోపలినుంచి "ఇదిగో... ఇలా... రాయిలో అక్షరాలు..." అని గుడగుడమంటూ మాట వచ్చింది. అంకాలమ్మ బకెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అన్నకు వాంతులైతాండాయా?"

హాలంతా గొల్లుమంది. సురేష్ బాబు కూడా ఆపుకోలేకపోయాడు. నవ్వు తగ్గాక మాత్రం మెల్లగా అన్నాడు. "ఆ టోపీ సంగతి నిజమేనండి. మా సంఘం కూడా ఇప్పుడు ఒప్పుకుంటోంది. నాకు మటుకు బల్ల మీద రేకులు పెట్టుకుని చదువుతున్న బొమ్మే చూపించారు."

"మరి రాయిలో చూసి చెప్పేటట్టయితే రేకులెందుకు బాబూ?" అన్నాడు దేవసహాయం.

సురేష్ బాబు తల దించుకుని చాప అంచు సరిచేశాడు.

ఆ రోజు సారమ్మకు నచ్చింది మాత్రం ఇంకో సంగతి. జోసెఫ్ చెబుతుంటే రాసిపెట్టిన మార్టిన్ హారిస్ అనే ఆసామి, ఆ కాగితాలను భార్యకు చూపించడానికి ఇంటికి పట్టుకెళ్ళాడు. అవి మాయమైపోయాయి. భార్యే దాచేసిందని కొందరంటారు. దేవుడు చెప్పిందే అయితే రెండోసారీ అదే మాట రావాలి కదా అని ఆవిడ ఆలోచన అట. రెండోసారి రాలేదు. శత్రువులు ఆ కాగితాల్లో మాటలు మార్చేస్తారు కాబట్టి మళ్ళీ తర్జుమా చెయ్యొద్దని దేవుడే సెలవిచ్చాడన్నాడు జోసెఫ్.

"ఎంత తెలివైన మనిషండీ ఆ హారిస్ గారి భార్య!" అని సారమ్మ రాత్రి వంట చేస్తూ కూడా తలుచుకుంది. దేవసహాయం బస్సు ఆలస్యమైందని చెప్పినప్పుడల్లా, "ఏదీ, మళ్ళీ ఒకసారి చెప్పండి, అదే మాట వస్తుందేమో చూద్దాం" అనడం మొదలుపెట్టింది.

రెండో శుక్రవారం దేవసహాయం మంచి ఊపు మీద వచ్చాడు. "దేవదూత అన్నది తర్వాత అతికించిన మాట. మొదట జోసెఫ్‌కు కనపడింది ఏంటో తెలుసా? తెల్లటి బల్లిలాంటి జంతువు! ఆ మార్టిన్ హారిసే ఉత్తరం రాశాడు."

జనం చప్పట్లు కొట్టారు. బల్లి ఒంటి మీద పడితే ఫలితమేంటో తెలిసిన అంకాలమ్మ, "యాడ పడిందంట? తల మీదనా, భుజం మీదనా?" అని గుమ్మంలోంచి అడిగింది. అందరూ నవ్వుతుంటే సురేష్ బాబు ఒక్కడే నవ్వలేదు.

ప్రార్థన అయ్యాక చాపలు చుట్టడానికి అతను ఉండిపోయాడు. దేవసహాయం పక్కకు రాగానే చెవిలో చెప్పినట్టు అన్నాడు. "ఆ ఉత్తరం దొంగదండి, ఈ మధ్యే చదివాను. నేను పుట్టకముందు అమెరికాలో ఒకడు తయారుచేశాడు. గుట్టు బయటపడుతుందని బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. జైల్లో వేశారు. మా సంఘం పెద్దలు కూడా నమ్మి మోసపోయారు."

దేవసహాయం అక్కడే నిలబడి ఫోన్‌లో వెతికాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"అందరి ముందూ చెప్పి ఉండొచ్చు కదయ్యా?"

"మీరు పెద్దవారు కదండి."

నలుగురిలో తిట్టి ఉంటే దేవసహాయం తిరిగి నాలుగు అనేవాడు. ఈ మాటకు ఫోన్ జేబులో పెట్టుకుని, చుట్టిన చాపలు తానే మోసుకెళ్ళాడు. వారమంతా స్టోర్‌లో అడిగిన సామాను ఒకటైతే ఇచ్చింది ఇంకొకటి. ఇంట్లో చారు కూడా మాట్లాడకుండా పోసుకున్నాడు. చివరికి సారమ్మే అంది.

"తప్పు చెప్పానని చెప్పేస్తే పోదా? ఉన్న నిజాలు చాలవా మీకు?"

మూడో శుక్రవారం ఆయన ముందు అదే చెప్పాడు. "పోయిన వారం బల్లి అన్నాను. అబద్ధం. ఎవడో దొంగ రాత రాస్తే, నాకు రుచిగా ఉంది కదా అని సరిచూడకుండా మీకు పెట్టేశాను. క్షమించండి. సురేష్ బాబూ, నువ్వు కూడా."

సురేష్ బాబు లేచి నిలబడి చేతులు జోడించాడు. నిస్సీకి మేనమామ మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఆ రోజు దేవసహాయం ఎగతాళి లేకుండా చెప్పాడు. జోసెఫ్‌కు ఎమ్మా అని భార్య ఉంది. బిడ్డల్ని పోగొట్టుకుంది, ఊరూరా తరిమితే అతని వెంటే నడిచింది. అలాంటి ఆవిడకు చెప్పకుండా ఆయన రహస్యంగా పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. ముప్పైకి పైనే. కొందరికి అప్పటికే భర్తలున్నారు. ఒక పిల్లకు పదిహేనేళ్ళు కూడా నిండలేదు. కత్తి దూసిన దేవదూత బలవంతం చేశాడని ఆయన చెప్పినట్టు దగ్గరివాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఎమ్మా ఒప్పుకోకపోతే నాశనమవుతుందని దేవుడి పేరు మీద మాట కూడా వచ్చింది. బయట జనానికి మాత్రం తనకు ఒక్క భార్యే కనపడుతోందన్నాడు. ఈ సంగతి పత్రికలో రాస్తే ఆ అచ్చు యంత్రాన్ని పగలగొట్టించాడు. దానితో జైలుపాలయ్యాడు. జనం మూకగా జైలు మీద పడి చంపేశారు.

"చంపడం ఘోరం. దాన్ని సమర్థించేవాడు క్రైస్తవుడు కాడు" అన్నాడు దేవసహాయం. "కానీ పౌలు మనకు ముందే చెప్పాడు. ఆకాశంనుంచి దూత దిగివచ్చినా సరే, వేరే సువార్త చెబితే వినొద్దని. దూత వచ్చాడా లేదా అని కాదు, ఏం చెప్పాడని చూడాలి."

వెనకనుంచి ఎవరో "ముప్పై మందికి వంటెవరు చేసేవాళ్ళో!" అన్నారు. నవ్వులు లేచేలోపే నిస్సీ లేచింది.

"సురేష్ గారూ, ఒకటి అడుగుతాను. మీ దగ్గరికి కత్తి పట్టుకుని దూత వచ్చి, ఇంకో పెళ్ళి చేసుకోమంటే ఏం చేస్తారు?"

అతను ఆలోచిస్తూనే లేచి నిలబడ్డాడు. 

"మీ ఫోన్ నంబర్ ఇస్తానండి. ముందు ఆవిడతో మాట్లాడుకో అంటాను."

"దూత ఖలాస్ బ్బా!" అంది అంకాలమ్మ. హాలు ఊగిపోయింది. నిస్సీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

సురేష్ బాబు మాత్రం నిలబడే ఉన్నాడు. "ఆ పెళ్ళిళ్ళ సంగతి మా సంఘమే రాసుకుంది, పోయిన వారం నేనే చదివానండి. మావాళ్ళని అడిగితే, ప్రార్థన చెయ్యి, నిజమైతే గుండెలో మంట పుడుతుందన్నారు. చేశాను. గుండె మండలేదండి. కడుపు మండింది."

అతను హాలంతా ఒకసారి చూశాడు.

"ఒక్క మాట. నాకు ఈ బోధ చెప్పింది మా రాజమండ్రి వచ్చిన ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మూడో అంతస్తు నుంచి భుజాల మీద దింపారు. అప్పటి మా చర్చివాళ్ళెవరూ రాలేదండి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకి చెప్పిందే నాకు చెప్పారు. వాళ్ళని చూసి మాత్రం ఎవరూ నవ్వొద్దు."

వంటల సంగతి అడిగిన మనిషి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు.

దేవసహాయానికి కళ్ళు చెమర్చాయి. ఆయన ఆనందం ఎప్పుడూ ఒకే దారి పడుతుంది. "యల్లా, కానివ్వండి! వచ్చే శుక్రవారమే బాప్తిస్మం!" అన్నాడు.

"తొందరపెట్టకండి. ఇంతకుముందు ఒకసారి తొందరపడి మునిగానండి" అన్నాడు సురేష్ బాబు.

తొందరపెట్టలేదు. ఎండాకాలం వచ్చి పోయింది. అతను ప్రతి శుక్రవారం వచ్చి, సందేహం వచ్చినచోట చెయ్యెత్తేవాడు. దేవసహాయం చెప్పిందాన్ని కూడా సరిచూసుకునేవాడు. విసుగొచ్చినా దేవసహాయం ఓర్చుకున్నాడు, ఇప్పుడు తానూ సరిచూసుకున్నాకే నోరు తెరుస్తున్నాడు కాబట్టి.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం సురేష్ బాబు అదే హాల్లో కూర్చుని అమెరికాకు ఫోన్ చేశాడు. పక్కన నిస్సీ. వాళ్ళ నాన్నను మోసిన ఇద్దరిలో ఒకతను అవతల ఎత్తాడు. తాను ఆ సంఘం వదిలేశానని, ఎందుకో కూడా చెప్పాడు సురేష్ బాబు. 

అవతలతను చివరిదాకా విన్నాడు. తర్వాత వచ్చీరాని తెలుగులో, "బాధగా ఉంది తమ్ముడూ. నేను నమ్ముతాను ఇంకా. కానీ నువ్వు నా తమ్ముడు. నాన్నగారు నడుస్తున్నారా?" అన్నాడు.

"కర్ర పట్టుకుని నడుస్తున్నారన్నా."

"దేవునికి స్తోత్రం."

తలుపు వెనక దేవసహాయం గుసగుసలాడుతున్నాడు. "ఒక్క ప్రశ్న, సారా! ఒక్కటే అడిగి వచ్చేస్తా!" సారమ్మ ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

సురేష్ బాబు ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. నిస్సీ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, క్యాలెండర్‌లో ఏప్రిల్ నెల తెరిచి చూపించింది.

"పెళ్ళికి నాకు సెలవు ఆ నెలలోనే ఇస్తారు. మీకు వీలవుతుందా?"

"ఏ తారీఖైనా సరేనండి" అన్నాడు అతను.