మొదటి ప్రశ్న

జర్మనీలో, మార్‌బుర్గ్‌లోని వ్యాఖ్యాన తత్త్వ సంఘంలో ఎవరు ప్రసంగించినా మొదటి ప్రశ్న ప్రొఫెసర్ హెల్విగ్‌ గారిదే. నిరుడు ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తిరిగొచ్చింది సగమే. ఒకటి అనబోతే నోట ఇంకొకటి వస్తుంది. అయినా సంఘం ఆనవాయితీ మానలేదు. ఆయన ఏదో అంటారు, ప్రసంగించినవాళ్ళు చాలా లోతైన ప్రశ్న అని తమకు తోచింది చెబుతారు, సభ్యులు వేళ్ళ కణుపులతో బల్లలు తట్టి మెచ్చుకుంటారు.

ఈసారి ప్రసంగం ఆయన శిష్యురాలు ఇర్మెలాది. ఎదుటివాడి మాట అర్థమైందంటే ఎక్కడో ఒకచోట అతనితో ఒప్పుకున్నట్టేనని ఆయన జీవితమంతా రాశారు. కాదు, అర్థమయ్యాక కూడా ఒప్పుకోకపోవచ్చని ఆమె వ్యాసం. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసింది. ఇప్పుడు చదవాలంటే పడిపోయినవాణ్ణి తన్నినట్టు అనిపించింది.

సంఘాధ్యక్షుడు రైన్‌హోల్ట్ ఆమెను పక్కకి పిలిచాడు. "ఆయన ఏమన్నా తల ఊపెయ్యమ్మా. మేమందరం చేసేదదే."

చదువుతున్నంతసేపూ ఆమె తల ఎత్తలేదు. ముగించేసరికి ముందు వరసలో ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నారు. భార్య గుద్రున్ మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పులు," అన్నారాయన. "చెప్పులు, ఇర్మెలా."

లోతైన ప్రశ్న అనే మాట ఇర్మెలా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తల దించుకున్న గుద్రున్ కనిపించింది.

"ప్రొఫెసర్ గారూ, నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

రైన్‌హోల్ట్ గట్టిగా దగ్గాడు. ఆయన మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ చెప్పులే వచ్చాయి. ముఖం కందిపోయింది, పిడికిలితో బల్ల గుద్దారు. ఈయనకి ఇక్కడే ఏమైనా అయితే తనే కారణమనుకుంది ఇర్మెలా. వ్యాసం పట్టుకుని వేదిక దిగి ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఎడమచేత్తో కాగితాలు తిప్పి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. అర్థమైందంటే ఎప్పుడూ ఒప్పుకున్నట్టేనని ఆయన వాదాన్ని ఆమె కుదించి చెప్పిన వాక్యం అది.

"కాదు."

"మీరిలా అనలేదంటారా?"

"అనలేదు."

"అన్నారండీ. మా తరగతిలోనే చాలాసార్లు అన్నారు."

వెనక ఎవరో నొచ్చుకున్నట్టు చప్పరించారు. ఆయన ఆమెకేసి కోపంగా చూసి, "ఎప్పుడు?" అన్నారు.

ఆమె చెప్పింది. ఆయన కాదన్నారు. ఒక్కో మాటకీ నాలుగు తప్పు మాటలు దాటుకుని రావలసి వచ్చినా వదల్లేదు. చివరికి ఆ వాక్యంలోని 'ఎప్పుడూ' అనే మాట కొట్టేయడానికి ఆమె ఒప్పుకుంది. అంతకుమించి ఒప్పుకోలేదు. ఆయనకి తృప్తి కలగలేదు. ఈసారి బల్లలు ఎవరూ తట్టలేదు.

గుమ్మం దగ్గర ఆమె, వ్యాసం ఆయన చేతిలోనే వదిలి, రేపు ఇంటికి రావచ్చా అని అడిగింది. "మంగళవారం," అన్నారాయన అటు తిరిగే.

అది మంగళవారమో, రావద్దనడానికి బదులొచ్చిన మాటో తేలక ఆమె రాత్రంతా పొర్లింది. తెల్లారాక, ఆదివారమే అయినా, వెళ్ళి బెల్లు కొట్టింది.

గుద్రున్ తలుపు తీసింది. "లోపలికి రా. పొద్దున్నే లేచి నీ వ్యాసం నా చేత మూడుసార్లు చదివించాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు."