మాస్కులో నీళ్లు

నార్సింగిలోని ఈతకొలనుకు భీమేశ్వరరావు తన టీముతో వచ్చేసరికి నవనీత నీళ్లలో ఉంది. శని, ఆదివారాల్లో ఆమె అక్కడ స్కూబా డైవింగ్ నేర్పే సైమన్‌కు సహాయకురాలు. మిగతా రోజుల్లో హైటెక్ సిటీలో భీమేశ్వరరావు కింద పనిచేస్తుంది.

"అరెరె, నవనీతా! నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాడాయన గట్టు మీద నుంచి. "ఇక్కడ కూడా 'అమ్మా' అని అరుస్తావా ఏంటి?"

టీము నవ్వింది.

నిరుడు టీమంతా అండమాన్ వెళ్లింది. పగడాల దగ్గరికి దిగాక నవనీత మాస్కులోకి నీళ్లు వచ్చాయి. ఆమె బెదిరి పైకి తన్నుకొచ్చింది. పడవ తాడు పట్టుకుని, ముక్కు కారుతుంటే "అమ్మా" అని ఏడ్చింది. జలుబని చెప్పి నీళ్లలో దిగని భీమేశ్వరరావు దాన్ని వీడియో తీశాడు. మర్నాడు ఆ ముఖం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో స్టిక్కరైంది. సర్వర్ ఆగినా అదే పెట్టేవాళ్లు, క్యాంటీన్‌లో బిర్యానీ అయిపోయినా అదే. ప్రమోషన్ గురించి ఆమె మెసేజ్ పెడితే, భీమేశ్వరరావు జవాబుగా ఆ స్టిక్కరే పంపాడు. ఇంకేమీ రాయలేదు. ఆ వారమే ఆమె డైవింగ్ నేర్చుకోవడానికి బాచుపల్లి నుంచి నార్సింగికి రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు టీము మళ్లీ అండమాన్ వెళ్తోంది, ఈసారి కంపెనీ పెద్దాయన కూడా వస్తున్నాడు. తనకు డైవింగ్ కొత్త కాదని భీమేశ్వరరావు ఆయనతో చెప్పుకున్నాడు. వీళ్లను తీసుకెళ్లేది సైమన్. అతనిది ఒకటే నిబంధన. కొలను అడుగున మాస్కు తీసి, మళ్లీ పెట్టుకుని, ముక్కుతో గాలి వదిలి లోపలి నీళ్లు బయటికి పంపాలి. అది చేయగలిగినవాళ్లే సముద్రంలో దిగుతారు. చేశారో లేదో పక్కనున్న సహాయకులు చెప్పాలి.

"సార్‌ను నేను చూస్తనన్నా," అంది నవనీత.

సైమన్ ఆమె వంక చూశాడు. "వద్దులే, నేను చూస్తాను."

"ఫికర్ చేయకు. పట్టుకునే ఉంట."

అడుగున ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. బెదిరినవాళ్లు ఊపిరి బిగబట్టి పైకి దూకితే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకని ఆమె ఆయన భుజం పట్టీ పట్టుకుంది. మాస్కు తీయమని సైగ చేసింది. తీశాడు. ముక్కుకు నీళ్లు తగలగానే ఆమె చేతిని గోళ్లతో రక్కాడు. ఆమె పట్టు వదలకుండా మెల్లగా పైకి తెచ్చింది. ఆయన దగ్గాడు, చీదాడు. గట్టు మీద ఫోన్లు లేచాయి.

"ఆపండ్రా!" అన్నాడాయన.

"సార్, జర ఇటు చూడుండ్రి," అన్నాడు టీములో కుర్రాడు శ్రీను. "స్టిక్కర్‌కు మస్తుంటది."

నవనీత నవ్వలేదు. "మళ్ల పోదాం సార్."

రెండోసారీ అంతే అయింది. ఆయన గట్టు పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఆ స్టిక్కర్ తీయించేస్తానమ్మా. నీ ప్రమోషన్ కూడా చూస్తాను. అయిపోయిందని సైమన్‌కు చెప్పేయ్."

"సముద్రంల గిట్ల జేస్తె సస్తరు సార్. దిగుండ్రి."

మూడోసారి ఆయన తొందరపడలేదు. మాస్కు తీశాడు, నోట్లోని గొట్టంతో ఊపిరి పీల్చాడు, మాస్కు మళ్లీ పెట్టుకున్నాడు. తల ఎత్తి ముక్కుతో గాలి వదిలాడు. నీళ్లు పోయాయి. కళ్లు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆ కళ్లు నవ్వుతున్నాయి. ఆయన చేసినదాంట్లో తప్పు కోసం ఆమె వెతికింది. లేదు. పైకి వెళ్దామని వేలు చూపించింది.

అవతలి చివర నుంచి సైమన్ ఈదుకుంటూ వచ్చాడు. "ఎలా చేశారు?"

"చేశానండీ!" అన్నాడు భీమేశ్వరరావు.

సైమన్ నవనీత వైపే చూశాడు.

"కాలే అన్నా," అంది ఆమె. "మళ్ల బెదిరిండు. నేను పట్టుకోకుంటె పైకి దుంకెటోడు."

"అబద్ధం! సైమన్ గారూ, ఈ అమ్మాయికి నా మీద..." ఆయన ఆగాడు. టీమంతా గట్టు మీద నిలబడి వింటోంది. ఎందుకు కోపమో చెప్పాలంటే స్టిక్కర్‌తో తను చేసినదంతా అందరి ముందూ ఒప్పుకోవాలి.

"నీళ్లలో పక్కన ఉన్నది ఆమేనండి," అన్నాడు సైమన్. "నేను ఆమె మాటే వినాలి."

అతను వెళ్లాక భీమేశ్వరరావు ఆమె దగ్గరికి వచ్చాడు. "నేను సరిగ్గా చేశాను. నువ్వు చూశావు."

"చూసిన," అంది నవనీత.

"ఇంకొక్కసారి దించమ్మా. పెద్దాయనకు నేనేం చెప్పుకోను?"

"ఇయ్యాల్టికి అయిపోయింది సార్. వచ్చే శనివారం రాండ్రి."

శుక్రవారమే విమానమని ఇద్దరికీ తెలుసు. ఆమె శ్రీనును దిగమంది.