బిఫోర్ ఫోటో

సుమ వచ్చేసరికి తొమ్మిదీ పది అయింది. అప్పటికి రామాంజినప్ప నిచ్చెన దిగి, కాళ్లు కడుక్కొని, ఏడో నంబరు ఇంటి మెట్ల మీద కూర్చొని టీ తాగుతున్నాడు.

"ఇంకా ఎక్కలేదా నాయనా?"

"ఎక్కేదేంది, దిగేసినా. ఐదున్నరకే మొదులుపెట్టినా. నాలుగు పక్కలా అయిపాయె. పోయి దోనెలో వేలు పెట్టి చూడు, మట్టి అంటితే అడుగు."

సుమ భుజాన ఉన్న సంచి దించింది. "ఫోటో?"

"ఏం ఫోటో?" అన్నాడు. అన్న తరవాత గుర్తొచ్చింది. రాత్రి అన్నం దగ్గర మూడుసార్లు చెప్పింది కూతురు. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసుల వెనక ఆ వీధిలో పెంకుటిళ్లు పదకొండు మిగిలాయి. ప్రతి ఇంటికీ చూరు వెంట రేకు దోనె ఉంటుంది. పెంకుల మీద పడిన వాన అందులోకి దిగి, మూల గొట్టంలోంచి నేలకు పోవాలి. ఆకులు పడి దోనె పూడితే నీళ్లు వరండాలోకి, గోడల్లోకి పోతాయి. నిరుడు ఆరు ఇళ్లలో అలాగే పోయాయి. అందుకని ఈసారి ఇళ్లవాళ్లందరూ వాట్సాప్ గ్రూపులో కూడి, దోనెలూ కిటికీలూ కడిగే పని ఏడాది పొడుగునా ఒక్కరికే ఇద్దామనుకున్నారు. పోటీకి ఇద్దరు వచ్చారు. ఒకరు మిషన్లున్న కంపెనీవాళ్లు. రెండో మనిషి రామాంజినప్ప. ఇద్దరూ తలా ఒక ఇల్లు కడిగి, కడగకముందు ఫోటో, కడిగాక ఫోటో గ్రూపులో పెట్టాలి. సాయంత్రం ఐదింటికి ఓటింగు.

ఈ పనిలో రామాంజినప్పకిది ముప్పై ఒకటో ఏడు. సుమ మాత్రం రెండు నెలల కిందటే మారతహళ్ళిలో హౌస్‌కీపింగ్ ఉద్యోగం వదిలి తండ్రితో చేరింది. ఈ పదకొండు ఇళ్లూ దొరికితే ఆమె మళ్లీ అక్కడికి పోనక్కరలేదు. దొరక్కపోతే సోమవారం రమ్మని సూపర్‌వైజర్ చెప్పే ఉన్నాడు.

"కంపెనీవాళ్ల బిఫోర్ ఫోటో చూడు," అని ఫోన్ ముందుపెట్టింది. నాలుగో నంబరు ఇంటి దోనెలో నల్లటి మడ్డి. అందులో ఒక రావి మొక్క మొలిచి ఉంది.

"మనదాంట్లో రెండు మొక్కలుండె మే," అన్నాడు రామాంజినప్ప.

"యాడ? చూపించు!"

"పీకేస్తి."

"పీకి యాడేస్తివి? ఆ చెత్త యాడుండాది?"

"తొమ్మిది మూటలు. ఎనిమిదింటికి చెత్త ఆటో వచ్చె. ఎత్తించేసినా. వాడు రానంటాంటే బతిమలాడి మరీ..."

సుమ నవ్వాలో ఏడవాలో తెలియక నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తలుపు తీసుకొని వరూధిని వచ్చింది. ఆ ఇల్లు ఆమెదే. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైంది. గ్రూపు నడిపేదీ ఆమే.

"మేడం, ముందెట్లుండె అనేది మీరు రాయండి మేడం గ్రూపులో," అంది సుమ.

"ఏం రాయనమ్మా? నేను లేచేసరికే మీ నాన్న నిచ్చెన దిగుతున్నాడు. చూడనిది చూశానని ఎలా రాస్తాను? నా సంతకం అలాంటిది కాదు."

ఆమె లోపలికి పోగానే సుమ గొంతు తగ్గించింది. "నాయనా, ఆ చెట్టు కింద ఎండాకులు ఉండాయి. రెండు బకెట్లు పైకి తీసకపోయి పోస్తాం. ఫోటో కొట్టుకొని తీసేస్తాం. పది నిమిషాలు."

"తలకాయ తిరిగిందా నీకు? ముప్పై ఏండ్లుగా దోనెలోంచి తీసినానే గానీ, ఒక్క ఆకు దాంట్లో వేసినోణ్ని కాదు."

"అట్లయితే సోమవారం నేను పోతా."

సుమ వైపరు, పాత పేపర్లు తీసుకొని కిటికీల మీద పడింది. పదిహేడు కిటికీలు. ఒక్కోదానికీ ఆరు అద్దాలు. ప్రతి అద్దానికీ ముందొక ఫోటో, తరవాతొక ఫోటో తీసింది, తండ్రికి క్లిక్కు వినబడేట్టు.

మూడున్నరకు గాలి లేచింది. పావు తక్కువ నాలుగుకు వాన దిగింది. రామాంజినప్ప వరండా గోడకు ఆనుకొని చెవి పెట్టి విన్నాడు. పెంకుల మీద చప్పుడుంది, చూరు కింద లేదు. నీళ్లన్నీ దోనె పట్టి, మూల గొట్టంలోంచి ఒకే ధారగా బయటికి తోస్తోంది. అయినా ఎక్కడో నీళ్లు దభదభా పడుతున్నాయి. తల తిప్పి ప్రహరీ అవతలికి చూశాడు.

అవతల ఎనిమిదో నంబరు. చెన్నరాయప్ప ఇల్లు. రెండిళ్లూ ఒకే మేస్త్రీ, ఒకే ఏడు కట్టినవి. ఆ చూరు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెర దించినట్టు కారుతోంది. చెన్నరాయప్ప లుంగీ ఎగ్గట్టి కుర్చీలు లోపలికి మోస్తున్నాడు. భార్య పుష్పావతి చీపురుతో నీళ్లు బయటికి తోస్తోంది. తోసినన్ని లోపలికి వస్తున్నాయి.

"సుమా! బేగ రా మే! ఫోన్ తీయ్!"

"ఏంటికి?"

"రోడ్డు మీదికి పో. రెండిండ్లూ ఒకటే ఫోటోలో పడేట్టు తియ్. బిఫోర్ అదో, ఆఫ్టర్ ఇదో!"

సుమ అటు చూసింది, ఇటు చూసింది. ఒక్క ఉరుకున రోడ్డు మీదికి పోయింది. తండ్రి వెనకే పోయి ఫోన్ మీద గొడుగు పట్టాడు. ముప్పై ఎనిమిది సెకన్ల వీడియో. ఎడమ పక్క ఇంట్లో వరండా మెట్లు పొడిగా ఉన్నాయి. కుడి పక్క ఇంట్లో చెన్నరాయప్ప బకెట్‌తో నిలబడి, "ఎవరప్పా అది? మనిషి మునిగిపోతాంటే సినిమా తీస్తాండారే!" అని అరుస్తున్నాడు. నాలుగూ పదికి గ్రూపులో పెట్టింది.

రెండు నిమిషాలకు చెన్నరాయప్ప జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. మళ్లీ చూశాడు. "పుష్పా, నేను ఇంత లావుండానా?" అన్నాడు.

"ఫోన్ పెట్టి చూరు చూడు," అంది ఆమె. ప్రహరీ మీదుగా తల పెట్టి తానే కేక వేసింది. "రామాంజినన్నా! రేపు గీపు గాదు, ఇప్పుడే రా!"

"తడి పెంకు మీద కాలు పెట్టనమ్మా."

"పెంకెక్కొద్దన్నా, ఏదో ఒకటి చెయ్!"

రామాంజినప్ప వెదురు గడ తీసుకొని వెళ్లి వాళ్ల అరుగు ఎక్కాడు. మూలన దోనె, గొట్టం కలిసే చోట గడ మొన పెట్టి మూడుసార్లు కుమ్మాడు. నాలుగోసారికి లోపల గుళుక్కుమంది. మట్టీ, ఆకులూ, ఒక ప్లాస్టిక్ చెంచా గొట్టం కిందినుంచి ఎగిరి పడ్డాయి. వాటి వెనకే నీళ్లు దూకాయి. చూరు మీది తెర పలచబడి, సన్నబడి, ఆగింది. పుష్పావతి చీపురు పైకెత్తి అరిచింది. చెన్నరాయప్ప చప్పట్లు కొట్టాడు. రామాంజినప్ప నెత్తి నుంచి మోకాళ్ల దాకా మడ్డితో నిలబడి నవ్వాడు. రోడ్డు మీద సుమ నవ్వుతూనే వీడియో తీస్తోంది.

ఐదింటికి వరూధిని గ్రూపులో లెక్క పెట్టింది. పదకొండు ఇళ్లలో రామాంజినప్పకు తొమ్మిది. చెన్నరాయప్ప రెండుసార్లు ఓటేశాడు. ఒకటి కొట్టేశారు.