కదలని సైకిలు మీద ఆత్రేయపురం దాకా

నేను ఒక సైకిల్ని. చక్రాలెక్కడున్నాయని అడక్కండి, అది నాకు కాస్త నొప్పి కలిగించే విషయం. పుట్టింది లూధియానాలో, మామూలు సైకిళ్ళు పుట్టే షెడ్డులోనే. అదే ఇనుము, అదే సీటు, అవే పెడళ్ళు. ఆఖరి బల్ల దగ్గర మా దారులు చీలాయి. వాటికి రెండేసి చక్రాలు బిగించి రోడ్డు మీదికి తోలారు. నాకు నాలుగు రబ్బరు చెప్పులు తొడిగి, హ్యాండిల్ మధ్యలో మీటరొకటి పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టారు. మీటరున్నది నాకే కాబట్టి నాదే గొప్ప జాతి అని చాలా కాలం నమ్మాను.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో, పెదవాల్తేరులో ఉండే రంగరాజు గారు. బ్యాంకు ఆఫీసరు. జనవరి ఒకటిన బొజ్జ తగ్గించేస్తానని ఇంట్లో అందరి ముందూ ప్రకటించి, మూడో తారీకున నన్ను తెచ్చారు. వాళ్ళ అమ్మగారు కొత్త బండికి పూజ చెయ్యందే ఎవర్నీ ఎక్కనివ్వనన్నారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. నా కాళ్ళ ముందు రెండు నిమ్మకాయలు పెట్టి, “ఇంక ముందుకి పోనీరా నాయనా,” అన్నారు. రాజు గారు తొక్కారు. ఎంత తొక్కినా నిమ్మకాయలు ఉన్నచోటే ఉన్నాయి, నేనూ ఉన్నచోటే ఉన్నాను. చివరికి నలుగురు కలిసి నన్ను పైకెత్తి వాటి మీద దింపారు. ఆ శాస్త్రం అలా పూర్తయింది. రాజు గారి ఆరంభశూరత్వం పదకొండు రోజులు నడిచింది. తర్వాత రెండేళ్ళు నేను తడి తువ్వాళ్ళు మోశాను.

ఆయనకి బదిలీ అయినప్పుడు నన్ను పై వాటాలో ఉండే అప్పలస్వామి గారికి ఇచ్చేసి వెళ్ళారు. అప్పలస్వామి గారు పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. నన్ను తీసుకున్నది భార్య వరహాలమ్మ గారి కోసం. ఆవిడ సోషల్ టీచరు, యాభై ఒక్క ఏళ్ళు. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. చిన్నప్పుడు వాళ్ళింట్లో తమ్ముడికి సైకిలు కొన్నారు, ఆవిడకి వెనక సీటు ఇచ్చారు. అందుకని ఇప్పుడైనా నిజం సైకిలు కొనుక్కోవాలని ఆవిడ ఆశ.

“ఈ వయసులో రోడ్డెక్కుతావేటి? కాలో చెయ్యో ఇరిగితే ఎవలు చూస్తారు?” అని ఆయన నన్ను తెచ్చి బాల్కనీలో పెట్టించారు.

ఆవిడ కాసేపు గొణిగారు. కానీ మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే మనిషి కాదు. బడిలో మూలపడ్డ ఆంధ్రా మ్యాపు తెచ్చి బాల్కనీ గోడకి తగిలించారు. రోజూ నా మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తే మ్యాపు మీద అంత దూరం ఎర్ర పెన్సిలు గీత. ఐదో రోజున అనకాపల్లి చేరాం. ఊరు చేరాక ఆ ఊరి పేరు చెప్పుకుని ఏదో ఒకటి తినాలి కదా, బెల్లం అచ్చులు తెప్పించి వీధిలో అందరికీ పంచారు. అన్నవరం చేరిన రోజు ఇంట్లోనే గోధుమనూక ప్రసాదం చేసి విస్తరాకుల్లో కట్టారు. కాకినాడలో కాజాలు. రాజమండ్రిలో రోజ్ మిల్క్, మనిషికి రెండేసి గ్లాసులు. గోదావరి దాటినంత ఘనతగా ఆత్రేయపురంలో పూతరేకులు రెండు పెట్టెలు. నెలన్నర పోయాక డాక్టరు తూకం చూసి, “అమ్మా, మీరు సైకిలు తొక్కుతున్నారా, దాని మీద కూర్చుని భోంచేస్తున్నారా?” అని అడిగాడు. రెండు కిలోలు పెరిగారు. నేను మాత్రం గర్వంతో పొంగిపోతున్నాను. నేల విడిచి సాము చేస్తున్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

తట్టేలా చేసింది ఎస్తేరు మేడం. ఆవిడ అదే బడిలో డ్రిల్లు టీచరు. ఒకరోజు సాయంత్రం తన సైకిలు మీద ఇంటికొచ్చి, ఆదివారాలు కొందరం కలిసి భీమిలి దాకా తొక్కుతున్నాం, మీరూ రండి అంది. వరహాలమ్మ గారు నవ్వేశారు. “రెండొందల ఇరవై కిలోమీటర్లు తొక్కినదాన్ని, నాకు భీమిలి ఓ లెక్కా?” అని మెట్లు దిగి ఎస్తేరు సైకిలు ఎక్కారు. బాల్కనీ ఊచల సందుల్లోంచి నేను చూస్తూనే ఉన్నాను. మూడు గజాలు వెళ్ళారు. సైకిలు ఎడమకి ఒరిగింది, ఆవిడ కుడికి తిప్పబోయారు, ఇద్దరూ చెత్తకుండీ పక్కన పడ్డారు. వీధంతా చూసింది, పూతరేకులు తిన్నవాళ్ళతో సహా.

మోచెయ్యి గీరుకుపోయి పైకొచ్చిన ఆవిడ నా మీద కూర్చుని, తొక్కకుండా ఏడ్చారు. నాకు సిగ్గేసింది. నా మీద ఎక్కినవాళ్ళు ఒక్కరూ పడలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. పడనే పడకపోతే పడకుండా ఉండడం ఎలా వస్తుంది? ఆవిడ కాళ్ళకి బలం ఇచ్చాను, మోకాళ్ళు సులువు చేశాను, అందులో అబద్ధం లేదు. బ్యాలెన్సు అనేది నా దగ్గరే లేదు, ఆవిడకి ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

మర్నాడు ఎస్తేరు మేడం ఒక కబురు తెచ్చింది. బజార్లో సైకిళ్ళ కొట్టువాడు పాత వ్యాయామం సామాను తీసుకుని బదులు కొత్త సైకిలు ఇస్తున్నాడట, ఆదివారం ఆఖరు. మా బాల్కనీలో ఒక్కదానికే చోటు. ఉంటే నేనుండాలి, లేకపోతే అదుండాలి.

“పడ్డావు కదా, ఇంక సాలు,” అన్నారు అప్పలస్వామి గారు.

వరహాలమ్మ గారు మోచేతికి పసుపు అద్దుకుంటూ, “ఆదివారంలోగా ఈ వీధి చివరిదాకా తొక్కితే సైకిలు తెచ్చుకుంటాను. తొక్కలేకపోతే దీని మీదే కన్యాకుమారి దాకా పోతాను, మళ్ళీ మిమ్మల్ని అడగను,” అన్నారు.

ఆయన ఊచల మీంచి వంగి వీధి చివరిదాకా చూశారు. తర్వాత, “సీటు ఎవలో ఒకలు పట్టుకోవాలి కదా. నేనొస్తాన్లే,” అన్నారు. ఆ మాటకి ఆవిడకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

అప్పట్నుంచి రోజూ తెల్లారగానే ఎస్తేరు సైకిలు మీద పంజాబీ డ్రస్సులో ఆవిడ, వెనక సీటు పట్టుకుని లుంగీ ఎగ్గట్టిన ఆయన. శుక్రవారం మూడుసార్లు పడ్డారు, శనివారం ఒక్కసారి. మొదట్లో ఆవిడ పడితేనే బాగుణ్ణని నేననుకున్న మాట నిజం. చోటు పోతుందంటే ఎవరికి బెంగ ఉండదు? కానీ శనివారం ఆవిడ లేచి, మట్టి దులుపుకుని, ఎవరివంకా చూడకుండా మళ్ళీ పెడలు మీద కాలు పెట్టారు. అది చూశాక నా మనసు మారిపోయింది. నన్ను పంపేసినా సరే, ఈవిడ నెగ్గాలి అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న అప్పలస్వామి గారు పాతిక అడుగులు పరిగెత్తి, ఆయాసం ఆగక కరెంటు స్తంభం పట్టుకున్నారు. సీటు పట్టుకోవాల్సిన చెయ్యి అది. సైకిలు మాత్రం ఆగలేదు. మా వీధి సముద్రం వైపు పల్లంగా ఉంటుంది. పల్లంలోకి రాగానే భయంతో ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. నా మీదైతే కాళ్ళు ఆగితే అన్నీ ఆగిపోతాయి. అక్కడ ఏదీ ఆగలేదు. అప్పుడు వీధంతా మారుమోగేలా ఆవిడ కేక వినిపించింది.

“ఏవండీ! తొక్కట్లేదండీ! అయినా ఎలిపోతందండీ!”

పదేళ్ళ పిల్ల గొంతది. రెండొందల ఇరవై కిలోమీటర్లు తొక్కించుకుని నేను ఆవిడకి ఒక్క అడుగు కూడా ఊరికే ఇవ్వలేదు. ఆ సైకిలు మొదటి వారంలోనే వీధిలో సగం ఊరికే ఇచ్చేసింది. అసూయ పడాల్సింది, ఎందుకో రాలేదు. సంతోషం మాత్రం పట్టలేనంత కలిగింది. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఆవిడకి బ్రేకులు గుర్తొచ్చాయి.

పదిగంటలకి ట్రాలీ ఆటో వచ్చింది. నన్ను ఎక్కించి, దొర్లిపోకుండా పట్టుకోడానికి అప్పలస్వామి గారు నా పక్కనే కూర్చున్నారు. వరహాలమ్మ గారు కొట్టు దాకా ఎస్తేరు సైకిలు తొక్కుకుంటూనే వస్తానని ముందు బయల్దేరారు. సందు ఇరుకు. మా ఆటో ఆవిడ వెనక చిక్కుకుపోయింది. డ్రైవరు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు హారను కొట్టాడు. పక్కకి తప్పుకోవడం ఆవిడ ఇంకా నేర్చుకోలేదు.

“ఏటండీ బాబూ, ఆ మేడం సైడివ్వట్లేదు! నడిచెళ్తే ఇంతకన్నా బేగి ఎల్తాం,” అన్నాడు డ్రైవరు.

“హారను కొట్టకు నాయనా, బెదిరిపోద్ది. మా ఆవిడే. ఎనకాలే పోనీ,” అన్నారు అప్పలస్వామి గారు.

డ్రైవరు విసుక్కుంటూ వేగం తగ్గించాడు. పుట్టిన ఇన్నేళ్ళకి నేను పగటి వెలుతుర్లో రోడ్డు మీదున్నాను, నా ముందు వరహాలమ్మ గారు తొక్కుతున్నారు, కొంతసేపు తొక్కడం మానేసి ఊరికే వెళ్తున్నారు. ఆ సందు ఇంకో నాలుగు కిలోమీటర్లు పొడుగుంటే ఎవరి సొమ్మేం పోయేది!