చిప్స్ బండి ఆగిపోయిన శుక్రవారం

మా ఆయన ట్రెవర్ ఆ బండి కొనుక్కొచ్చిన రోజున నాకు అన్నిటికంటే ముందు చూపించింది పొయ్యి.

"చూడు గేనర్, మూడు బర్నర్లు! కింద అవెన్. మూత దించితే బల్ల అయిపోతుంది!" అంటూ తనే తయారుచేసినంత గర్వంగా మీటలు తిప్పి చూపించాడు. మంచం, కుర్చీలు, బుల్లి బాత్రూము అన్నీ ఉన్న మోటార్‌హోమ్. ఎవరో పన్నెండేళ్ళు వాడి అమ్మేసింది. నేను పొయ్యి మూత దించి, దానిమీద నా హ్యాండ్‌బ్యాగు పెట్టాను.

"దీన్ని ముట్టిస్తే నేను దిగిపోతాను. బస్సెక్కి ఇంటికి వచ్చేస్తాను."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

బార్న్‌స్లీలో ఒక స్కూలు వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. రోజుకి రెండు వందల నలభై మంది పిల్లలు. బస్తాల కొద్దీ బంగాళాదుంపలు ఉడకబెట్టి మెదపడం, బకెట్ల కొద్దీ కస్టర్డ్ కలపడం. వాళ్ళందరికీ పెట్టాక ట్రేల అడుగున మిగిలింది నిలబడి గోక్కుని తినడమే నా మధ్యాహ్న భోజనం. ఆ ఏప్రిల్లో రిటైరయ్యాను. కాబట్టి జూన్‌లో నెల్లాళ్ళ ప్రయాణం అనగానే నా షరతు ఒక్కటే చెప్పాను. టీకి నీళ్ళు కాచుకోవచ్చు. అంతకు మించి పొయ్యి వెలగకూడదు.

"మరి తినేదేమిటే?" అన్నాడు ట్రెవర్ దిగులుగా.

"దారిపొడుగునా కొట్లు లేవూ? చేత్తో పట్టుకుని తినేవి, మూత తీసి తినేవి, కాగితంలో చుట్టి ఇచ్చేవి. అవే తిందాం."

"నలభై ఏళ్ళు బస్సు తోలినవాణ్ణి. వేళకి వేడిగా ఇంత పడకపోతే..."

"బస్సులో కూర్చుని ఏం తినేవాడివి? నేను కట్టిచ్చిన సాండ్‌విచ్చేగా!"



బయల్దేరిన మొదటి రోజే ఒక మాంసం కొట్టు ముందు బండి ఆపించాను. పంది మాంసం కూరి కాల్చి అప్పుడే దించిన పోర్క్ పైలు, ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. కొరికితే పైపెంకు ఫట్‌మని విరిగింది. లోపలి రసం ట్రెవర్ మోచేతి దాకా కారింది. కొత్త సీటు కవరు పాడైందని అరుస్తాడనుకున్నాను. "ఇంకో నాలుగు కొనరాదూ?" అన్నాడు. విట్బీలో రేవు గోడ మీద కూర్చుని వేయించిన చేపా, వేడి బంగాళాదుంప చిప్సూ తింటుంటే సముద్రపు కాకి ఒకటి దూసుకొచ్చి అతని చేప సగం పట్టుకుపోయింది. దాని వెనక రేవు చివరిదాకా పరిగెత్తాడు, అరవై ఆరేళ్ళ మనిషి. నేను నవ్వలేక చచ్చాను. ఆ పై ఊళ్ళో వెన్స్లీడేల్ చీజ్ పెద్ద ముక్క కొన్నాం. దాన్ని పలచగా కోసి ఎండుద్రాక్ష కేకు మీద పెట్టుకుని తింటే ఇక వేరే ఏదీ అక్కర్లేదు. ఉడికిన గుడ్డు చుట్టూ మాంసం పొదిగి వేయించిన స్కాచ్ ఎగ్గులు, ఊరేసిన ఉల్లిపాయలు, వెన్న దట్టంగా రాసిన మాల్ట్ రొట్టె. ఎక్కడ ఆగినా ఏదో ఒకటి. ఫ్రిజ్ నిండిపోయి సామాను బాత్రూములోకి కూడా ఎక్కింది. పొద్దున్న కళ్ళు తెరవగానే 'ఇవాళ ఏం దొరుకుతుందో' అనిపించేది. చిన్నప్పుడు క్రిస్మస్ పొద్దున తప్ప నాకెప్పుడూ అలా అనిపించలేదు.

అయిదో రోజు, శుక్రవారం, నార్తంబర్లాండ్ తీరంలో ఒక క్యాంపు స్థలానికి చేరాం. గేటు దగ్గర వార్డెన్ డంకన్ మా పేర్లు రాసుకుంటూ, "మంచి రోజు చూసుకునే వచ్చారు. ఇవాళ నార్మా వస్తుంది," అన్నాడు.

"నార్మా ఎవరు?"

అతను నన్ను జాలిగా చూశాడు. "నార్మా చిప్స్ బండి. ప్రతి శుక్రవారం అయిదున్నరకి. ఇక్కడ ఎవ్వరూ ఇవాళ ఏమీ వండుకోరు."

నిజమే. నాలుగింటి నుంచే జనం గేటు వైపు చూడడం మొదలుపెట్టారు. మా పక్క బండిలో లీడ్స్ నుంచి వచ్చిన కుటుంబం, ఆరేళ్ళ కవల ఆడపిల్లలతో. వాళ్ళు ఒళ్ళో ప్లేట్లు పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నారు. ఎదురుగా డచ్చి జంట. ఆ చివర ఒక చిన్న పాత బండిలో సెసిల్ అనే ముసలాయన, ఒక్కడే. ఆ సాయంత్రం కోసమని టై కూడా కట్టుకున్నాడు. అంతా కలిసి ఓ పాతిక మందిమి.

మధ్యాహ్నం నుంచీ వాన కుండపోతగా కురుస్తూనే ఉంది. అయిదున్నరైంది. ఆరైంది. ఆరుంబావుకి డంకన్ రెయిన్‌కోటులో తడిసి ముద్దయి వచ్చాడు.

"వంతెన దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి. నార్మా అటు పక్కే ఆగిపోయింది. ఇవాళ్టికి లేనట్టే."

కవలల్లో ఒక పిల్ల పెదవి విరిచింది. రెండోది రాగం అందుకుంది. వాళ్ళమ్మ నీరసంగా, "సరే రండి, పాస్తా ఉడకేస్తాను," అంది. సెసిల్ టై వదులు చేసుకుంటూ వెనక్కి తిరిగాడు.

నాకు ఒళ్ళు మండింది. శుక్రవారం సాయంత్రం, ఇంత ఎదురుచూపు తర్వాత, ఉత్త పాస్తా!

"ఎవరూ ఏమీ ఉడకేయకండి!" అని అరిచాను. ముప్పై ఒక్క ఏళ్ళు భోజనాల హాల్లో అరిచిన గొంతు అది. వానని కూడా దాటుకుని పోయింది. అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. "మీ బండ్లలో పొయ్యి మీద పెట్టకుండా తినగలిగేవి ఏమున్నాయో అన్నీ పట్రండి. సీసాలు, డబ్బాలు, పేకెట్లు, సగం తిని మూతిగట్టినవీ సరే. పది నిమిషాల్లో గిన్నెలు కడిగే షెడ్డుకి రావాలి!"

ట్రెవర్ నా చెవి దగ్గర గొణిగాడు. "పని మానేశానన్నావుగా?"

"వంట మానేశాను. పో, పోర్క్ పైలు తే."

"అన్నీనా?" అతని మొహం చూడాలి!

"అన్నీ!"

ఆ షెడ్డులో గోడ పొడుగునా స్టీలు గట్టు ఉంది, అచ్చం మా స్కూల్లో వడ్డించే గట్టులాగా. డంకన్ దాన్ని తుడిచి ఇచ్చాడు. జనం రావడం మొదలైంది. లీడ్స్ వాళ్ళు ఆరు క్రిస్ప్స్ పేకెట్లూ, కాల్చిన కోడి సగమూ తెచ్చారు. డచ్చి ఆవిడ రొట్టె, వెన్న, ఒక పెట్టె నిండా రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు పట్టుకొచ్చింది. ఇంకెవరో పొగబెట్టిన చేప, ఇంకెవరో దోసకాయలు, ఒకాయన చేతిలో ఆ పొద్దునే కొనుక్కున్న పీత మాంసం డబ్బా. దాన్ని గట్టు మీద పెట్టడానికి కాస్త బాధపడ్డాడు పాపం. చివరికి సెసిల్ వచ్చాడు. కోటు కింద ఏదో దాచిపెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నా దగ్గర బీట్‌రూట్ ఊరగాయ సీసా ఒక్కటే ఉందమ్మా. ఇది తప్ప..."

"బీట్‌రూటా!" అని సీసా లాక్కున్నంత పని చేశాను. "పోర్క్ పై పక్కన బీట్‌రూట్ లేదని ఇందాకటి నుంచీ ఏడుస్తున్నాను. ఇలా వచ్చి నా పక్కన నిలబడు. వడ్డించేది నువ్వే."

ఇక చేతులు వాటంతటవే కదిలాయి. పైలు ఎనిమిదేసి ముక్కలు. కోడిని చీల్చి రొట్టెలో పెట్టడం, పీత మాంసంలో నిమ్మకాయ పిండి దోసకాయ చక్రాల మీద ఒక్కో చెంచాడు. చీజ్ పాతిక మందికి సరిపోవాలంటే ఎంత పలచగా కోయాలో నా కత్తికి తెలుసు. ట్రెవర్ ప్లేట్లు పరిచాడు. నాకు పని చేస్తున్నట్టే లేదు. స్కూల్లో ఏనాడూ ఇలా అనిపించలేదు. అక్కడ సోమవారం ఏమిటో, మంగళవారం ఏమిటో కాగితం మీద రాసి పంపేవాళ్ళు. ఇక్కడ ఏది దేంతో కలుస్తుందో నా ఇష్టం.

"వరుసగా! తోసుకోకండి! చిన్నపిల్లలు ముందు!"

పెద్ద పెద్ద మగవాళ్ళు బుద్ధిగా వరసలో నిలబడ్డారు. కవలలు డచ్చి ఆవిడ చేసిచ్చిన చాక్లెట్ పలుకుల రొట్టె నోటినిండా కుక్కుకుని మళ్ళీ వచ్చారు.

"మిస్, ఇంకోసారి పెడతారా?" అంది ఒకతె.

మిస్! నేను ఆ పిల్లకి పేరు కూడా చెప్పలేదు, మా స్కూలు పిల్లలు పిలిచినట్టే పిలిచింది. "మూతి తుడుచుకుని రా, పెడతాను," అన్నాను.

సెసిల్ ఒక్కొక్కరి ప్లేట్లోనూ బీట్‌రూట్ పెడుతూ, "ఇది మా ఆవిడ పద్ధతి. లవంగాలు వేస్తాను," అని అందరికీ చెప్పాడు. రెండో సీసా ఉంటే బాగుండునని పీతాయన అన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

ఎనిమిదింటికి వాన ఆగింది. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటితేగాని పొద్దు కుంకదు, మేఘాల కింద నుంచి ఎండ కూడా వచ్చింది. డంకన్ ఫోను చూసుకుని, "నీళ్ళు మోకాటి కిందికి దిగాయట. కానీ నార్మా బండి తోలడానికి భయపడుతోంది," అన్నాడు.

ట్రెవర్ చేతిలో ప్లేటు కింద పెట్టాడు. "నూనె వేడిగా ఉందా?"

"లేదు, ఇక్కడికొచ్చాకే వెలిగిస్తుంది."

"అయితే నన్ను తీసుకెళ్ళు. వరదలో డబుల్ డెక్కర్ తోలాను నేను."

ఆ కథ నేను లక్షసార్లు విన్నాను. ఎప్పుడూ నమ్మలేదు. ఇద్దరూ డంకన్ ట్రాక్టరెక్కి వెళ్ళిపోయారు. పాతిక మందిమి తడి గడ్డిలో నిలబడి గేటు వైపు చూస్తున్నాం. కడుపులు నిండే ఉన్నాయి, అయినా ఒక్కరూ కదల్లేదు. పది నిమిషాలు. ఇరవై.  ఏ గోతిలో దిగబడ్డాడో, బండి పక్కకి ఒరిగిందేమో.

అంతలో పొడుగ్గా హారన్ మోగింది. ముందు ట్రాక్టరు, దాని వెనక తెల్లటి చిప్స్ బండి, చక్రాల నుంచి నీళ్ళు కారుస్తూ మలుపు తిరిగింది. స్టీరింగు వెనక మా ట్రెవర్, కిటికీ లోంచి చెయ్యి ఊపుతూ, మహారాజులా! కవలలు కేకలు పెట్టారు. డచ్చి జంట గిన్నెలు వాయించారు. నేనేం చేశానో నాకు గుర్తు లేదు, నేను ఏడ్చానని ట్రెవర్ అంటాడు.

నార్మా దిగింది. బొద్దుగా, ఎర్రటి బుగ్గలతో. "ఈయన మీ ఆయనా బంగారం? ఖాళీ రోడ్డు మీద ప్రతి బస్టాపులోనూ స్లో చేశాడు!" అంది. ఇరవై నిమిషాల్లో నూనె కాగి వాసన మొదలైంది. షెడ్డులో జరిగినదంతా డంకన్ చెప్పినట్టున్నాడు, ఆవిడ కిటికీ లోంచి నన్ను పిలిచింది. "వంటింటి మనిషివట కదా, లోపలికొచ్చి ఓ చెయ్యి వేస్తావా?"

"రాను. నేను వరుసలో ఉన్నాను," అన్నాను.

వరుస మొత్తం ఫక్కున నవ్వింది. సెసిల్ తన చోటు నాకిచ్చాడు. వెనిగర్ కారుతున్న వేడి చిప్స్ పొట్లం పట్టుకుని మా బండి మెట్టు మీద కూర్చుని, వేళ్ళు కాలుతున్నా ఒక్కొక్కటే తిన్నాను. తొందరేమీ లేదు.

అక్కడ ఒక్క రాత్రి ఉందామనుకున్నవాళ్ళం నాలుగు రోజులున్నాం. సెసిల్ రోజూ పదకొండింటికి టీకి వచ్చేవాడు. స్కాట్లాండ్ చూడాలని ఎప్పటి నుంచో ఉందనీ, ఒక్కడే వెళ్ళడానికి మనసొప్పలేదనీ మూడో రోజున చెప్పాడు.

"అయితే మా వెనకే తోలుకుంటూ రా," అన్నాడు ట్రెవర్. "అక్కడ ఆర్బ్రోత్ ఊళ్ళో పీపాలో పొగబెట్టిన చేపని వేడివేడిగా చేతిలో పెడతారట."

"ఎన్నింటికి బయల్దేరుదాం?" అన్నాడు సెసిల్, అప్పుడే లేచి నిలబడి.