కంగారు చీర

ముందుగా ఒక మనవి. నా మాటలు కాగితం మీద పెడుతున్న అచ్చియ్యమ్మకి అక్షరాలు వచ్చింది మనవరాలు బడికి వెళ్లాకే. దీర్ఘాలు తప్పుతాయి, ఒత్తులు జారిపోతాయి, ఒక్క వాక్యం పూర్తయ్యేలోగా కాఫీ చల్లారిపోతుంది. మన్నించి చదవండి.

నేను ఒక నేత చీరను. పొందూరులో పుట్టాను. నన్ను నేసినాయన పాటలో శ్రుతి తప్పేవాడు గానీ పోగు తప్పేవాడు కాదు. పసుపు ఒళ్లు, ఎర్ర అంచు. అచ్చియ్యమ్మ మొగుడు ముచ్చటపడి కొన్నాడు. ఆయన పోయాక, 'ఈ రంగు నాకెందుకు' అని ఆవిడ నన్ను పెట్టె అడుగున పడేసింది. పోయింది మనిషి, శిక్ష చీరకి!

కూతురు పుణ్యవతికి నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పురిటిబిడ్డకి కొత్త బట్ట వేయరు కదా, పొత్తిగుడ్డలుగా చింపుదామని అచ్చియ్యమ్మ నన్ను ఉతికి ఆసుపత్రికి తెచ్చింది. పాతదాన్నయినందుకు మొదటిసారి గర్వపడ్డాను.

పిల్ల పిడికెడంత ఉంది. తల్లికింకా మత్తు దిగలేదు. సువార్త సిస్టరమ్మ పిల్ల పాదాలు తడిమింది.

"ఒళ్లు చల్లబడుతోంది మామ్మగారూ. ఇప్పుడు పాపకి కంగారు కావాలి."

అచ్చియ్యమ్మ నన్ను పిడికిట నలిపేసింది. "ఇంకా కంగారేటి తల్లీ? పొద్దుట్నించి నాను పడుతున్నది సాలదా?"

సిస్టరమ్మ పకపకా నవ్వింది. "ఆ కంగారు కాదండీ! కంగారూ అని ఒక జంతువు. పిల్లని పొట్ట సంచిలో పెట్టుకుంటుంది. అలాగ పాపని ఒంటికి ఒళ్లు ఆనించి కట్టుకోవాలి. మీ అమ్మాయి లేచేదాకా మీరే కంగారు."

అచ్చియ్యమ్మ గోడకి అతుక్కుపోయింది. "నానా? మెడలో ఏటీ లేనిదాన్ని. తొలీత నాను గుండెకెత్తుకుంటే పిల్లకి మంచిది కాదమ్మా. ఇంకెవలినైనా పిలు."

"పాపకి మీ మెడతో ఏం పని? మీ వేడితో పని. మెడలో తాడుంటే గుచ్చుకుంటుందని నేనే తీయించేదాన్ని!"

అచ్చియ్యమ్మ పిల్ల వంక చూసింది. ఆ బుల్లి గడ్డం వణికింది. ఆవిడ రవిక ముడి విప్పింది.

చింపాల్సిన నన్ను మడతపెట్టి సిస్టరమ్మ ఇద్దరినీ కలిపి చుట్టింది. ముక్కు మూసుకోకుండా పిల్ల తల పక్కకి తిప్పింది. ఇటు ముసలి గుండె దడదడ, అటు పసిగుండె టకటక, మధ్యలో నేను. ఎంతసేపో తెలీదు. పాదాలు వెచ్చబడ్డ సంగతి ముందు నాకే తెలిసింది.

"సిస్టరమ్మా! ఎచ్చబడింది! నా బంగారం ఎచ్చబడింది!"

ఆ కేకకి పిల్ల లేచి, నోరు తెరిచి ఆవిడ గుండెల మీద పాలు వెతుక్కుంది.

"అక్కడేటీ లేదే పిచ్చిదానా!" అని అచ్చియ్యమ్మ అనేసరికి వార్డంతా నవ్వింది. ఆ నవ్వులకే పుణ్యవతి కళ్లు తెరిచింది. "అమ్మా, పసుపు చీరే!" అంది, పిల్ల కంటే ముందు నన్నే చూసి. సిస్టరమ్మ పిల్లని తల్లి గుండెకి మార్చి ముర్రుపాలు పట్టించింది.

నన్నిక ఎవరూ చింపలేదు. మా వీధిలో బక్కపిల్ల పుడితే నా కోసం కబురొచ్చేది. ముడి వేయడానికి అచ్చియ్యమ్మ కూడా రావలసి వచ్చేది. ఎదురు రావడానికి జంకిన మనిషిని ఇప్పుడు అందరికంటే ముందు పిలుస్తారు. నేను చిరిగి చిరిగి చివరికి బొంతనయ్యాను. నా మీద కూర్చునే ఇది రాస్తోంది.

మనవరాలు తొంగిచూసి గునుస్తోంది. "అమ్మమ్మా, కంగారూకి చివర దీర్ఘం పెట్టాలి!"

"పోవే. దీర్ఘం లేకుండానే బతికావు."

రాసినది: కిల్లి అచ్చియ్యమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది ఆమదాలవలసలో, కూతురి దగ్గర.