నీలం వైరు మీద మడిచీర

ఎంసెట్‌లో కాలేజీ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ సాయంత్రం ఆరు వరకే గడువు. పొద్దున్నుంచీ లేని కరెంటు ఐదున్నరకు వచ్చింది. కాలేజీలన్నీ వరసగా పెట్టి, సేవ్ నొక్కబోతుండగా నెట్ పోయింది.

ఆ నెట్ పక్కింటి శెట్టిగారిది. వాళ్ల సుదర్శనన్న సందు మీదుగా మా మిద్దెకు నీలం వైరు లాగి, మాకూ ఇచ్చాడు. మిద్దెక్కి చూస్తే ఆ వైరు మీద వాళ్లవ్వ రాజ్యలక్ష్మమ్మ మడిచీర ఆరేసి ఉంది. తడిచీర బరువుకు వైరు సాగి, మా కంప్యూటర్ నుంచి ఊడిపోయింది. గట్టిగా లాగితే చీర సందులో మట్టిపాలవుతుంది. తీద్దామంటే నేను హుసేన్ వలి కూతుర్ని. ఆరేళ్లప్పుడు ఆ మడిచీర కొంగు పట్టుకున్నానని అవ్వ వీధంతా వినబడేట్టు అరిచింది. మా అమ్మ నా వీపు చిట్లగొట్టింది.

"అవ్వా! చీర తియ్ అవ్వా!" అని గొంతు చించుకున్నాను. లోపల పూజగంట మోగుతూనే ఉంది. వైరు అవతలి కొస ఉన్న గదికి తాళం వేసి సుదర్శనన్న కర్నూలు పోయాడు. నా చేయి చీరదాకా పోయేది, వెనక్కి వచ్చేది.

ఆరు దాటాక అవ్వ మిద్దెక్కింది. నా ఏడుపంతా విని నెత్తి కొట్టుకుంది.

"తీసి పారేయకపోయినావా సమీరా? గుడ్డే గదమ్మా! మళ్లా తడుపుకుంటా."

"ఈ మాట ఇన్నేళ్లలో ఒక్కసారన్నా అనింటే ఏం పోయేదవ్వా?"

"ఇదో, ఈ కొంగు పట్టుకో, తీద్దాం" అంటూ అవ్వ చీర నా ముందుకు చాపింది.

నా చేతులు వీపు వెనకే ఉండిపోయాయి.